వారంటీ గడువు

మద్దిలేటికి కొన్నాళ్లుగా మనసు మనసులో లేదు. కారణం చెబితే ఎవరైనా నవ్వుతారని చెప్పుకోలేదు కూడా. ఆయన కారుకు వారంటీ ఆ నెలాఖరుతో అయిపోతోంది. డబ్బు కట్టి ఇంకొన్నేళ్లు పొడిగించుకోవాలా, వద్దా? ఇంతే సమస్య.

ఆయనది బేతంచెర్ల. నాపరాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. కారు షోకుకు కొన్నది కాదు. భార్య సుభద్రకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు కర్నూలు ఆసుపత్రిలో డయాలసిస్. మొదట్లో బస్సులో తీసుకుపోయేవాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆమె కూర్చోలేక, కిటికీ ఊచకు తల ఆనించి కళ్లు మూసుకునేది. బస్సు కుదిపినప్పుడల్లా ఆ తల ఊచకు కొట్టుకునేది. చూసి చూసి, తండ్రి ఇచ్చిన చెలక పొలం అమ్మి కారు తెచ్చాడు.

ఇప్పుడు షోరూము అమ్మాయి రోజూ ఫోను చేస్తోంది. "సార్, గడువు దాటితే మళ్లీ కుదరదు సార్."

బావమరిది వద్దన్నాడు. "బండి బంగారంలా ఉంది. ఊరికే వాళ్లను మేపడం దేనికి?" ఫ్యాక్టరీలో అకౌంట్లు చూసే ఆయన తప్పకుండా తీసుకోమన్నాడు. ఆయన తమ్ముడి కారుకు గేర్‌బాక్సు పోయిందట. వారంటీ ఉండబట్టి బతికిపోయాడట. మర్నాడు ఇంకొకాయన, వారంటీ ఉండి కూడా తనకు పైసా రాలేదని చెప్పాడు.

కాగితాలు ముందేసుకుని చదివితే ఉన్న కాస్త తెలివి కూడా పోయింది. వారంటీ పొడిగింపు వేరు, మెయింటెనెన్సు ప్యాకేజీ వేరు. ఒకదాంట్లో ఉన్నది ఇంకోదాంట్లో లేదు. రెండింట్లోనూ లేనివి చివర చిన్న అక్షరాల్లో ఉన్నాయి. పొద్దున తీసుకుందాం అనుకునేవాడు. మధ్యాహ్నానికి వద్దనుకునేవాడు. సాయంత్రం ఏమనుకున్నాడో తనకే గుర్తుండేది కాదు.

చివరికి హుసేనప్ప తాత దగ్గరికి వెళ్లాడు.

ఊరు దాటాక గుట్ట పక్కన ఒక పూరి కొట్టంలో ఉంటాడు తాత. మసీదుకు పోయేవాళ్లు, గుడికి పోయేవాళ్లు, ఎక్కడికీ పోనివాళ్లు కూడా ఆయన దగ్గరికి వస్తారు. మద్దిలేటి పెళ్లికి ముందే ఆయన దగ్గర ఉపదేశం తీసుకున్నాడు. ఉపదేశమంటే పెద్దగా ఏమీ చెప్పలేదు. తల మీద చేయి పెట్టి, "పో నాయనా, పని చేసుకో," అన్నాడు.

మద్దిలేటి వెళ్లేసరికి తాత చాప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాడు.

"తాతా, ఒక మాట అడగాల. నవ్వగూడదు."

"అడుగు. నవ్వొస్తే ఆపుకుంటా."

మద్దిలేటి కాగితాలు తీశాడు. "చూడండి తాతా. ఇంజను చెడిపోతే ఊరికే బాగుచేస్తామంటారు. అరుగుదల వల్ల చెడిపోతే మాత్రం చెల్లదంటారు. నేను బతుకంతా రాళ్లు అరగదీసే పనిలో ఉన్నవాణ్ణి. అరగకుండా చెడిపోయేది ఏముంటాది?"

"షోరూములో అడగలేదా?"

"అడిగినా. అరిగేవాటికి వేరే ప్యాకేజీ ఉంది సార్, అనింది ఆ పాప."

తాత ఆపుకోలేకపోయాడు. బోసినోటితో చాలాసేపు నవ్వాడు. మద్దిలేటి నవ్వలేదు. అది చూసి తాత కూడా నవ్వు ఆపాడు.

"ఇంతకూ నీ భయమేంది నాయనా?"

మద్దిలేటి కాగితాలు మడిచాడు. మళ్లీ విప్పాడు. "కర్నూలు దారిలో కొండల మధ్య ఒక మలుపుంది తాతా. దగ్గర్లో ఊరు ల్యాదు. ఫోను కూడా పలకదు. ఆమెను తీసుకొని పోతాన్నప్పుడు ఆడ గిన బండి ఆగిపోతే..."

కాగితాలు ఇంకోసారి మడిచాడు.

"ఎప్పుడన్నా ఆగిందా?"

"ల్యాదు."

తాత ఒక చింతగింజను వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత అడిగాడు. "రేపు ఆసుపత్రికి పోవాల్నా?"

"రేపు ల్యాదు. ఎల్లుండి."

"అయితే రేపు పొద్దున బండి తీసుకొని రా. సుభద్రమ్మను కూడా పిల్చుకరా. అట్ల కొంచెం దూరం పోయొద్దాం."

కొనాలా వద్దా అన్నది అక్కడే ఉండిపోయింది. మళ్లీ అడగబోతే తాత చింతపండు చాట ఆయన ముందుకు జరిపాడు. మద్దిలేటి కాసేపు గింజలు తీసి ఇంటికి వచ్చాడు.

మర్నాడు ముగ్గురూ బయల్దేరారు. ముందు సీట్లో తాత కూర్చున్నాడు. వెనక సీట్లో, ఎప్పటిలాగే, రెండు దిండ్లు పెట్టుకుని సుభద్ర ఒరిగింది. ఊరు దాటి, రాళ్ల గనులు దాటి, రోడ్డు కొండల్లోకి మళ్లింది.

"ఇదో, ఆ గుట్ట..." అని వెనక నుంచి సుభద్ర ఏదో మొదలుపెట్టింది.

"ఉండుండు," అన్నాడు మద్దిలేటి. తల పక్కకు వంచాడు. "తాతా, మీకు వినబడతాందా?"

"ఏంది?"

"వెనక ఎడం చక్రం కాడ. టక్ టక్ మంటాంది."

తాత చెవి ఒగ్గాడు. "నాకేం వినబళ్లేదే."

"ఇప్పుడు ఆగింది. మళ్లీ వస్తాది చూడండి."

ఇంకొంత దూరం పోయారు. సుభద్ర మళ్లీ గొంతు సవరించుకుంది. మద్దిలేటి మళ్లీ చేయెత్తి ఆగమన్నాడు. ఈసారి చప్పుడు ఇంజను లోపల. తాత ఇంజను వైపు చూడలేదు. ఎదురుగా ఉన్న చిన్న అద్దంలోకి చూశాడు. సుభద్ర కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

మలుపు వచ్చింది.

"నువ్వు భయమన్న మలుపు ఇదేనా?"

"ఇదే తాతా."

"ఆపు."

మద్దిలేటి రోడ్డు పక్కకు తీసి ఆపాడు. తాత చేయి చాపి, తాళం తీసుకుని తన జుబ్బా జేబులో వేసుకున్నాడు.

"ఆగిపోయింది," అన్నాడు.

"ఆగలేదు తాతా. మీరు ఆపమంటే నేను ఆపినా."

"సరే. ఆగిపోయింది."

మెల్లగా దిగాడు. ఒక వేపచెట్టు కింద తువ్వాలు పరుచుకుని, చేయి తలకింద పెట్టుకుని పడుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

మద్దిలేటికి ఏమీ పాలుపోలేదు. తాత నిజంగా నిద్రపోయాడో, నటిస్తున్నాడో తెలియలేదు. లేపడానికి ధైర్యం చాలలేదు. ఫోను తీసి చూశాడు. ఎప్పటిలాగే సిగ్నలు లేదు. కారు చుట్టూ తిరిగాడు. ముందు మూత ఎత్తి ఇంజనులోకి చూశాడు. బాగున్న ఇంజనులో ఏం చూడాలో తోచక మూత దించాడు.

నాపరాళ్ల లోడుతో ఒక లారీ వచ్చి పక్కన ఆగింది. డ్రైవరు తల బయటపెట్టాడు.

"ఏమైందప్పా? బండి ఆగిందా?"

"ఆగింది."

"ఏం పోయింది?"

"ఏం పోలేదు."

"మరి?"

"తాళం ల్యాదు."

"పారేసుకున్నావా?"

"ల్యాదు. ఈడనే ఉంది."

డ్రైవరు ఆయన్ను పైకీ కిందికీ చూశాడు. కారు తలుపు తీసుకుని దిగుతున్న సుభద్రను, ఆమె మోచేతి దగ్గరి పట్టీని చూశాడు. అతని గొంతు మారిపోయింది. "ఆసుపత్రికా అప్పా? అక్కను ముందు ఎక్కించు. నేను దింపుతా. బండి సంగతి తర్వాత చూసుకుందువు."

"వద్దప్పా, ఈ పొద్దు ఆసుపత్రి ల్యాదు," అన్నాడు మద్దిలేటి.

డ్రైవరు ఒక నీళ్ల బాటిలు చేతికిచ్చి వెళ్లిపోయాడు.

లారీ వెళ్లిన కాసేపటికి బస్సు వచ్చింది. చెయ్యి ఎత్తకుండానే ఆగింది. కండక్టరు ఫుట్‌బోర్డు మీద నిలబడి, "ఎక్కుతారా? ముందర సీట్లున్నాయి," అన్నాడు. మద్దిలేటి వద్దన్నాడు. "నిజంగా వద్దా?" అని అడిగి మరీ విజిలు వేశాడు కండక్టరు.

మలుపు మళ్లీ ఖాళీ అయింది. గాలికి ఎండుగడ్డి కదులుతోంది. ఇంతకాలం ఈ దారిన పోతున్నా ఇక్కడ గాలి వీస్తుందని ఆయనకు తెలియదు. అద్దాలు ఎప్పుడూ ఎక్కించే ఉండేవి.

సుభద్ర ఒక బండ మీద కూర్చుంది. ఆయన వెళ్లి నీళ్లిచ్చాడు. గుక్కెడు పుక్కిలించి ఉమ్మేసింది. ఆమె నీళ్లు కొలతగా తాగాలి. ఆయన పక్కన కూర్చున్నాడు.

"ఆ గుట్ట వెనకాలే మా అవ్వోళ్ల ఊరు," అంది.

"ఏ గుట్ట?"

"అదో, నెత్తిన రెండు రాళ్లు ఉండాయే, అది."

"ఎప్పుడూ చెప్పలేదే!"

"ఎన్నిసార్లు మొదలుపెట్టినానో. నేను నోరు తెరిచినప్పుడే నీకు ఏదో ఒక చప్పుడు వినబడతాది."

మద్దిలేటి తల వంచుకున్నాడు. ఆమె కోపంగా అనలేదు. చిన్నప్పుడు సీతాఫలాలకని ఆ గుట్ట ఎక్కి దారి తప్పిన సంగతి చెప్పడం మొదలుపెట్టింది. పొద్దు గూకేదాకా ఆ రెండు రాళ్ల సందున కూర్చుందట. అవ్వ వెతుక్కుంటూ వచ్చి, దొరికిన ఆనందంలో ముందు కొట్టిందట, తర్వాత ఎత్తుకుందట.

"భయం కాలేదా?"

"అప్పుడు కాలేదు."

ఆ మాట దగ్గర ఆగింది. మద్దిలేటి గుట్ట వైపే చూస్తూ అడిగాడు.

"ఇప్పుడు?"

ఆమె మోచేతి దగ్గరి పట్టీ సవరించుకుంది.

"అవుతాది," అంది. "మంచం మీద పండుకోబెట్టి మిషను పెడతారే, అప్పుడు ప్రతిసారీ అవుతాది. నీకు చెప్తే నువ్వు ఇంకా హడలిపోతావని చెప్పను."

ఆయన దగ్గరికి జరిగాడు. ఆమె చేయి తన ఒళ్లోకి తీసుకున్నాడు. సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిన చేయి అది. తగిలితే నొప్పేమోనని ఇన్నాళ్లూ ముట్టుకునేవాడు కాదు. పట్టీకి పైన, ఉబ్బిన చోట వేళ్లు ఆనించాడు. ఉలిక్కిపడ్డాడు. చర్మం కింద జుమ్మని ఏదో మోగుతోంది. తేనెటీగను గుప్పిట్లో పట్టుకున్నట్టుంది.

"ఏంది ఇది? ఇట్ల మోగుతాంది?"

"రక్తం. ఆపరేషను చేసి నరాలు కలిపినారే, అప్పటి నుంచీ మోగుతానే ఉంది."

"నొప్పా?"

"నొప్పి కాదు. మోగాలంట. రోజూ చెయ్యి పెట్టి చూసుకో అక్కా అనింది నర్సు."

మద్దిలేటి చేయి తీయలేదు. ఒక లారీ, ఒక జీపు పోయాయి. ఎవరో ఏదో అడిగినట్టున్నారు. ఆయన తల ఎత్తలేదు.

తాత ఎప్పుడు లేచాడో ఎవరూ గమనించలేదు. తువ్వాలు దులుపుకుంటూ వచ్చి, తాళం మద్దిలేటి ఒళ్లో వేశాడు.

"ఇంటికి పోదాం పద. ఎండెక్కుతాంది."

తిరుగు దారిలో మద్దిలేటి నెమ్మదిగా నడిపాడు. ఆయనకు అంతా అయోమయంగా ఉంది. ఏదో తెలిసినట్టే ఉంది, ఏం తెలిసిందో మాటకు అందడం లేదు. వారంటీ తీసుకోవద్దనే తాత ఇదంతా చేశాడని ఒకసారి అనిపించింది. దారిన పోయేవాళ్లు ఆగుతారు కదా, ఇక అదెందుకు? కానీ కారు ఎవరు బాగుచేస్తారు? షోరూము అమ్మాయి సాయంత్రం మళ్లీ ఫోను చేస్తుంది. ఏం చెప్పాలి?

కొట్టం ముందు కారు ఆగింది. తాత దిగాడు. మద్దిలేటి అద్దం దించాడు.

"తాతా, అడిగినదానికి మీరు ఇంకా చెప్పనేలేదు. ఇంతకీ కొనాల్నా, వద్దా?"

"కొనుక్కో."

మద్దిలేటి విస్తుపోయాడు. "కొనమంటారా? మరి పొద్దుట్నుంచీ ఇదంతా..."

తాత కారు పైకప్పు మీద, గేదె వీపు తట్టినట్టు, అరచేత్తో తట్టాడు.

"వారంటీ బండికే ఇస్తామంటాన్నారు గదా నాయనా. బండికి తీసుకో."

కొట్టంలోకి వెళ్లిపోయాడు.

మద్దిలేటి తాళం మీద చేయి వేశాడు. వెనక సీట్లో సుభద్ర ఏదో అనబోయి ఆగింది. ఆయన తాళం తిప్పలేదు. సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగాడు.

"చెప్పు," అన్నాడు.