తిరగని బోల్టు

డాక్టర్ భ్రమరాంబకు ఒళ్లు మండిపోయింది. కోపంతో విసవిసా నడిచి వెళ్దామంటే అంతరిక్ష కేంద్రంలో నేల ఏదీ? గోడలు పట్టుకుని తేలుతూనే గురువు వేదాద్రి దగ్గరికి వచ్చింది. ఆయన పైకి రావడం ఇది మూడోసారి. ఇక్కడ తినడం, పడుకోవడం దగ్గర్నుంచి ఆమెకు నేర్పింది ఆయనే.

"చూశారా గురువుగారూ, కిందినుంచి వచ్చిన ఉత్తర్వు! రోజూ చేసే రెండు గంటల వ్యాయామాన్ని అరగంటకు తగ్గించాలట. మిగతా టైములో వాళ్ల సంస్థ ఉత్సవానికి వీడియోలు తీసిపెట్టాలట!"

"చూశాను."

"మోయడానికి బరువే లేక ఇక్కడ ఎముకలు రోజురోజుకీ గుల్లబారుతున్నాయి. దావూద్ భాయ్ పిక్కలు చూడండి, ములక్కాడల్లా అయిపోయాయి. నెల తిరిగితే ఆయన భూమికి దిగిపోవాలి. అక్కడ నడవొద్దా?"

పక్కనే గొట్టంతో సంచిలోని టీ పీలుస్తున్న దావూద్, "ములక్కాడలా! పులుసులో వేసెయ్యకు తల్లీ," అన్నాడు. నవ్వాడే గానీ చెయ్యి పిక్క మీదికి పోయింది.

"మీరు నవ్వకండి! ఇప్పుడే పిలిచి అందరినీ కడిగేస్తాను. ఉద్యోగం పోతే పోనీ." ఆమె మైకు కోసం చెయ్యి చాపింది.

వేదాద్రి ఆపలేదు. చాపిన ఆ చేతిలోనే ఒక పానా పెట్టాడు.

"వ్యాయామం చేసే యంత్రానికి ఆ బోల్టు వదులైందమ్మాయ్. కాస్త బిగించి మాట్లాడు."

భ్రమరాంబ పళ్లు బిగించి పానా తిప్పింది. బోల్టు కదల్లేదు. ఆమే గిర్రున తిరిగింది. మళ్లీ పట్టింది, ఈసారి ఇంకా గట్టిగా. అంత గట్టిగానూ తిరిగిపోయి మోచెయ్యి గోడకు కొట్టుకుంది.

"ఇప్పుడా నాకీ పరీక్షలు! నేను కోపగించుకోవడం తప్పంటారు, అంతేగా?"

"ఎవరన్నారు? ఆ కోపం నాకూ ఉంది." గురువు గోడకున్న పట్టీల వైపు చూశాడు. "ముందు పాదాలు తగిలించుకో."

మూడు నెలలుగా పనికి ముందు రోజూ చేసేదే అది. ఆమె పాదాలు పట్టీల్లో దూర్చింది. పానా తిప్పింది. బోల్టు బిగిసింది.

పానా గురువుకు ఇచ్చేసింది. మైకు ముట్టుకోలేదు. దావూద్ ఎముకల కొలతలు తెర మీదికి తెచ్చి, మొదటి వారం నుంచి నిన్నటిదాకా ఒక్కొక్కటే చదివింది.

అప్పుడు కిందికి పిలిచింది. గొంతు పెంచలేదు.

"డాక్టర్ భ్రమరాంబను మాట్లాడుతున్నాను. మీ ఉత్తర్వుకు నేను ఒప్పుకోవడం లేదు. కారణాలు చెబుతాను, రాసుకోండి."