కొత్త కంప్యూటరుకు చెవుడు

ఆలేరు అనంతమ్మగారిని ప్రశ్న అడిగితే జవాబు దొరకదు, పని దొరుకుతుంది అని ఆమె శిష్యులు నవ్వుతూ చెప్పుకుంటారు. అచల మార్గమనే గురుపరంపరలో గురుస్థానం ఆమెకు మేనమామ నుంచి వచ్చింది. ఆశ్రమమంటే పెద్ద కట్టడమేమీ కాదు. రైలు పట్టాల అవతల రెండు గదుల పెంకుటిల్లు, ముందు రేకుల షెడ్డు, ఆదివారం పూట తంబుర మీటుతూ తత్త్వాలు పాడుకునే కొద్దిమంది మనుషులు, అంతే. చాలాకాలం బడిలో పిల్లలకు సైన్సు చెప్పిన మనిషి కనుక ఆమెకు పెద్ద మాటల మీద మోజు లేదు. కోపాన్ని గెలవడం ఎలాగని అడిగిన ఒకాయనకు తడి కట్టెలతో పొయ్యి ముట్టించే పని అప్పజెప్పారట. ఆయన మళ్ళీ ఆ ప్రశ్న ఎత్తలేదు.

ఆమె దగ్గరికి శశిరేఖ ఒక శనివారం మధ్యాహ్నం మొహం వేలాడేసుకొని వచ్చింది. జనగామలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో కంప్యూటరు పని ఆమెది. మనిషి చురుకైనదే గానీ, తల్లి బుచ్చమ్మ నుంచి వచ్చిన ఒక గుణం ఆమెను పట్టి పీడిస్తూ ఉండేది. బుచ్చమ్మ ఇంటికి తాళం వేస్తే రెండుసార్లు లాగి చూసేది. గ్యాసు కట్టేసి, గడప దాటి, మళ్ళీ లోపలికి పోయి చూసేది. చిన్నప్పుడు దీన్ని చూసి చిరాకుపడ్డ శశిరేఖ, పెళ్ళై తన ఇంటి తాళంచెవి తన చేతికి వచ్చిన నాటి నుంచి అచ్చం అదే పని చేయసాగింది. బస్టాండు దాకా పోయి, తాళం సరిగ్గా పడిందో లేదోనని వెనక్కి వచ్చిన రోజులున్నాయి. భర్త నవ్వేవాడు. ఆమె కూడా నవ్వి ఊరుకునేది. కానీ ఆ వారం, భుజాన బడి సంచి తగిలించుకున్న తన కూతురు తలుపు దగ్గరికి వేసి, నాలుగడుగులు పోయి, వెనక్కి వచ్చి గొళ్ళెం మళ్ళీ లాగి చూడటం ఆమె కంటబడింది. ఆ పూట ఆమెకు ముద్ద దిగలేదు.

"గురువమ్మా, నేను అడగకుండనే నాలో వచ్చి కూర్చున్నవి చానా ఉన్నయి. మా అమ్మ భయం నాకొచ్చింది. నా నుంచి నా బిడ్డకు పోతున్నది. నేను పెట్టుకోనివన్నీ పీకి పారేసి, ఖాళీ అయిపోవాలనుంది. ఎట్ల?" అని అడిగింది శశిరేఖ.

అనంతమ్మగారు ఆ మాటలన్నీ విని, గదిలో మూలనున్న అట్టపెట్టె వైపు చెయ్యి చూపారు. "భువనగిరి శిష్యులు కొత్త కంప్యూటరు తెచ్చిచ్చిన్రు బిడ్డా. రేపు సాయిలు వస్తడు. అతని పాటలు దాచుకోవాలె. దాన్ని జర బాగు చేసిపెట్టు."

సాయిలు ఆ మార్గంలో అందరికన్నా పాత గాయకుడు. గురువుల నోట పుట్టి, నోటి నుంచి నోటికి దిగివచ్చిన తత్త్వాలు కొన్ని ఇప్పుడు అతని ఒక్కడి గొంతులోనే మిగిలి ఉన్నాయి. ఆ గొంతులోనే కణితి లేచింది. వచ్చే వారం హైదరాబాదులో ఆపరేషను. ఆ తర్వాత మాట వస్తుందో రాదో చెప్పలేమని డాక్టర్లు అన్నారు. మొన్న ఎవరో ఫోనులో రికార్డు చేయబోతే, సన్నబడిపోయిన అతని గొంతు తంబుర నాదం కింద మునిగిపోయింది. అందుకే మంచి మైకు ఒకటి ఎరువు తెచ్చి పెట్టారు.

శశిరేఖ కంప్యూటరు తెరిచింది. తెరవగానే ఒకటి తర్వాత ఒకటి పెట్టెలు పైకి లేచాయి. ఒకటి ఆటలాడమంది. ఒకటి బట్టలు కొనమంది. ఒకటి ఎక్కడో మంచు కురిసే ఊరి వాతావరణం చెప్పింది. ఇంకొకటి, మీకు ప్రమాదం పొంచి ఉంది, మా కాపలా గడువు అయిపోతుంది, వెంటనే కొనుక్కోండి అని ఎర్రటి అక్షరాల్లో బెదిరించింది. పక్కనే పీట వేసుకొని కూర్చున్న అనంతమ్మగారు కళ్ళద్దాలు సవరించుకొని చూశారు.

"ఇదేందే, అద్దం కొనుక్కొస్తే అందుల వేరేటోళ్ల మొకాలు కనబడ్డట్టున్నది!"

శశిరేఖకు నవ్వొచ్చింది. "కంపెనీ వాళ్ళు అమ్మేటప్పుడే ఇవన్నీ నింపి పంపుతరు గురువమ్మా. మనకు అక్కరకొచ్చేది తక్కువ, వాళ్లకు అక్కరకొచ్చేది ఎక్కువ" అని ఒక్కొక్కటే తీసేయడం మొదలుపెట్టింది. ఆట పోయింది. అంగడి పోయింది. కాపలాది మాత్రం పోతూ పోతూ, నన్ను తీసేస్తే మీకు దిక్కెవరు అన్నట్టు రెండుసార్లు అడిగింది. "పో" అని శశిరేఖ పైకే అని బటన్ నొక్కింది. నొక్కిన ప్రతిసారీ ఆమెకు ఎక్కడో లోపల బరువు దిగుతున్నట్టుగా ఉంది. తానడిగిన ప్రశ్నకు జవాబు ఇదే కాబోలు, ఇట్లాగే తనలోవీ ఒక్కొక్కటే పోవాలి కాబోలు అనుకొని చెయ్యి వేగం పెంచింది. చివర్లో కంప్యూటరు కంపెనీ పేరుతోనే ఒకటి కనిపించింది. పెట్టెలు లేపలేదు, బెదిరించలేదు, ఏదీ అమ్మలేదు. ఊరికే జాబితాలో ఒక మూలన ఉంది.

"అదేంటిది?" అన్నారు అనంతమ్మగారు.

"తెల్వదు గురువమ్మా. మనం పెట్టింది కాదు గదా!" అని దాన్ని కూడా తీసేసింది శశిరేఖ. అనంతమ్మగారు కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు. లేచి, దీపం పెట్టడానికి లోపలికి వెళ్ళారు.

మర్నాడు పొద్దున్నే సాయిలు వచ్చాడు. మెడ చుట్టూ ఉన్ని మఫ్లరు, చంకలో తంబుర. మాట్లాడితే గాలి ఎక్కువ, శబ్దం తక్కువ. "డాక్టరు గొంతు వాడొద్దన్నడు తల్లీ. ఎన్ని దాకా వస్తయో చూద్దాం" అని అనంతమ్మగారికి దండం పెట్టి చాప మీద కూర్చున్నాడు. శశిరేఖ మైకు అతని ముందు పెట్టింది. ముందు ఒక మాట పలికించి, అది ఎక్కిందో లేదో చూద్దామని ఆమె చెయ్యి కంప్యూటరు మీదికి పోయింది. ఇదిగో, మళ్ళీ మా అమ్మ వచ్చింది అనుకొని చేతిని వెనక్కి తీసుకుంది. ఇవ్వాళ చూసేది లేదు, నమ్మి కూర్చునుడే అని గట్టిగా అనుకొని, రికార్డు బటన్ నొక్కి, తెరను గోడ వైపు తిప్పేసింది.

సాయిలు కళ్ళు మూసుకొని అందుకున్నాడు. 'వచ్చినోడెవ్వడో, వచ్చిన దారేదో, అడిగి సూడవేమిరా' అని ఆ తత్త్వం. సగం అరిగిపోయిన గొంతు ఎక్కడో లోతు నుంచి నీళ్ళు తోడినట్టు ఒక్కొక్క చరణాన్నే పైకి తెస్తోంది. షెడ్డులో కూర్చున్నవాళ్లు కదలడం లేదు. శశిరేఖకు మాత్రం పాట చెవికెక్కడం లేదు. చేతివేళ్ళు దురద పెడుతున్నాయి. ఎక్కుతుందా, లేదా? ఎక్కుతుందిలే. ఎక్కకపోతే? ఆమె చేతులు రెండూ తొడల కింద పెట్టుకొని కూర్చుంది. పాట ముగిసింది. సాయిలు రెండో పాటకు శ్రుతి చూసుకుంటున్నాడు. ఇక ఆగలేక, దొంగతనం చేస్తున్నదానిలా తెరను తన వైపు తిప్పుకొని, ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకొని, రికార్డును వెనక్కి జరిపి విన్నది.

ఏమీ లేదు. తంబుర లేదు, గొంతు లేదు, మనిషి దగ్గు కూడా లేదు. తెర మీద కొండల్లా లేవాల్సిన గీత, దారం పరిచినట్టు చదునుగా పోయింది.

శశిరేఖ గబగబా తీగలన్నీ తడిమి చూసింది. మైకు పీకి మళ్ళీ గుచ్చింది. లాభం లేదు. అప్పుడు గుర్తొచ్చింది, నిన్న ఆఖరున జాబితాలో మూలనున్నదాన్ని నువ్వెవరని పేరైనా అడగకుండా సాగనంపిన సంగతి. శబ్దాన్ని కంప్యూటరు లోపలికి తీసుకునేది అదే కాబోలు. "తాతా, ఆగు, ఆగు! నీ పాట ఎక్కలే. కంప్యూటరుకు చెవుడొచ్చింది. నేనే తెప్పించిన" అంటూ చేతులు జోడించింది.

సాయిలు కళ్ళు తెరిచి చూశాడు. కోపం చేస్తాడనుకుంది. అతను మఫ్లరు సర్దుకొని, "పోనియ్యి బిడ్డా, అది గొంతు తడుపుకునుడు అనుకుందాం. వేడినీళ్ళు తేపో" అన్నాడు.

శశిరేఖ ఫోనులోంచి ఇంటర్నెట్ కలిపి, కంప్యూటరు అడుగున రాసి ఉన్న మోడల్ పేరు వెతికి, తీసేసినదాన్ని మళ్ళీ దింపి పెట్టుకుంది. ఆలేరులో ఆ పొద్దు సిగ్నలు నత్తలా నడిచింది. అంతసేపూ సాయిలు గోరువెచ్చటి నీళ్ళు గుటక గుటకగా తాగుతూ, తన గురువు తనకు పాట నేర్పేటప్పుడు తప్పు పాడితే చెవి మెలేసిన ముచ్చట్లు సైగలతో చెప్పి అందరినీ నవ్వించాడు. అంతా అయ్యాక శశిరేఖ మైకు ముందు తనే 'హలో' అంది, విన్నది. మళ్ళీ అంది, మళ్ళీ విన్నది. తాళం లాగి చూసినట్టే చూసింది. ఈసారి సిగ్గుపడలేదు.

సాయిలు మొదటి పాట మళ్ళీ ఎత్తుకున్నాడు. నడుమ ఒకచోట ఆగి, "అరె! పొద్దున ఈ చరణం మరిచిన చూడు" అని తలకొట్టుకొని, మరిచిన చరణం కలిపి పాడాడు. మధ్యాహ్నం వరకు ఎన్ని వచ్చాయో అన్నీ పాడి, గొంతు ఇక రాదనిపించినప్పుడు తంబుర పక్కన పెట్టాడు. ప్రతి పాట చివరా శశిరేఖ విన్నది. ప్రతి పాటా ఉంది.

అందరూ వెళ్ళిపోయాక ఆమె అనంతమ్మగారి దగ్గర కూలబడింది. "రెండో పాటకు ముందే చూడకపోతే ఏమైతుండెనో గురువమ్మా. అన్నీ గాలికి పోతుండె. తాతకు మళ్ళీ పాడే ఓపిక ఎక్కడిది?"

"మరి చూడమని ఎవరన్నరు నీకు?"

"ఎవరూ అనలే. చూడొద్దనే కూర్చున్న. చెయ్యి ఊకోలే."

"ఎవరి చెయ్యి?" అన్నారు అనంతమ్మగారు.

శశిరేఖ తన చేతుల వైపు చూసుకుంది. రైలు దిగి ఇంటికి పోయే దారిలో, తమ్ముడి దగ్గరుంటున్న తల్లికి ఫోను చేసింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగని మాట ఆ రోజు అడిగింది. "అమ్మా, నువ్వు తలుపు రెండుసార్లు ఎందుకు లాగుతవు?"

అవతల బుచ్చమ్మ "ఇప్పుడెందుకే అది?" అని, ఆ తర్వాత మెల్లగా చెప్పింది. శశిరేఖ అప్పుడు మాటలు నేర్చే పిల్ల. నిద్రపోతోంది కదా అని, బుచ్చమ్మ బయట గొళ్ళెం పెట్టి బోరింగు దగ్గరికి నీళ్ళకు పోయింది. గొళ్ళెం సరిగ్గా పడలేదు. పిల్ల లేచి, తలుపు తోసుకొని, తల్లిని వెతుక్కుంటూ సూర్యాపేట రోడ్డు మీదికి నడిచింది. లారీ ఒకటి కీచుమని ఆగింది. డ్రైవరు దిగి, పిల్లను చంకనేసుకొని ఇల్లిల్లూ అడుగుతూ తెచ్చి బుచ్చమ్మ చేతిలో పెట్టాడు. పిల్లను ఎదకు అదుముకొని, ఆయన పేరు కూడా అడగలేకపోయింది. "ఆ పొద్దు నుంచే బిడ్డా. ఏ తలుపు వేసినా, నువ్వు లోపల పండుకున్నట్టే ఉంటది నాకు. మీ నాయినకు కూడా చెప్పలే" అంది బుచ్చమ్మ.

శశిరేఖ నడిరోడ్డు మీద నిలబడిపోయింది. పీకి పారేయాలనుకున్న ఆ భయానికి తన ఒంటి వెచ్చదనం ఉందని, అది పుట్టిందే తన ప్రాణం దక్కిన రోజున అని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు. "అమ్మా, మంచి పని చేసినవే" అనబోయి, ఏడ్చేసింది. ఎందుకేడుస్తున్నవని బుచ్చమ్మ కంగారుపడి, గ్యాసు కట్టేసినవా అని అడిగింది.

సాయిలు ఆపరేషను బాగానే జరిగింది. మనిషి బతికాడు, పాట మాత్రం పోయింది. కోలుకున్నాక మొదటి ఆదివారమే ఆశ్రమానికి వచ్చి, షెడ్డులో కూర్చొని, కంప్యూటరులోంచి వస్తున్న తన గొంతుకు తనే తంబుర మీటాడు. పాట అయ్యాక శశిరేఖ తల మీద చెయ్యి పెట్టి, శబ్దం రాని పెదవులతో ఏదో దీవించాడు. ఆమె అతని కాళ్ళకు మొక్కి, అనంతమ్మగారి దగ్గరికి వచ్చి, తల్లి చెప్పినదంతా చెప్పింది.

"అయితే నాలో ఉన్నవి ఏవీ తీసేయొద్దా గురువమ్మా? బస్టాండు నుంచి వెనక్కి వచ్చుడు కూడా ఉంచుకోవాల్నా?"

అనంతమ్మగారు నవ్వారు.

"వచ్చినోడిని ముందుగాల పేరడుగు బిడ్డా. పోయేదే అయితే, ఇన్ని మంచినీళ్ళు తాగి అదే పోతది."