ఎదురునిప్పమ్మ రాయి

పూర్వం, ఎర్రమట్టి దిబ్బలు సముద్రం మీదికి ఒరిగి నిలిచిన ఒక తీరాన, ఇంకా పేరైనా పడని ఒక జాలరిపల్లెలో, లక్కయ్య అనే పడవవాడు నివసించేవాడు. అతనిది ఒకే తెరచాప గల చిన్న పడవ. దక్షిణపు గాలి వీచే కాలంలో ఉప్పు నింపుకొని ఉత్తరదేశపు రేవులకు పోవడం, వానలు వెనుకపట్టి గాలి తిరిగి ఉత్తరంనుంచి వీచసాగాక ధాన్యం వేసుకొని ఇల్లు చేరడం అతని వృత్తి. గాలి తిరగనిదే ఇంటికి దారి లేదు గనుక, ఆ పల్లె ఆడవారి ఎదురుచూపులకు గడువు పెట్టేది గాలి ఒక్కటే.

ఆ పల్లెలో ఒక ఆచారం ఉండేది. పడవ కదిలే ఉదయాన ఇల్లాలు తన పొయ్యిలోని నిప్పులు కొన్ని మట్టికుండలో పోసి భర్త చేతికిచ్చేది. అతడు పీచూ ఊకా వేస్తూ ఆ నిప్పును ప్రయాణమంతా ఆరకుండా కాపాడి, దానితోనే అన్నం వండుకొని, తిరిగివచ్చాక మళ్ళీ అదే పొయ్యిలో కలపాలి. అంతవరకు ఇంటి పొయ్యి కూడా చల్లారకూడదు. రెండింటిలో ఏది ఆరినా ఆ ఇల్లు మరి ఇల్లు కాదని, ఇంటి నిప్పును నీటిపాలు చేసినవాడు మళ్ళీ ఆ గడప తొక్కరాదని పెద్దల కట్టడి.

లక్కయ్యకు దేముడమ్మతో పెళ్ళైన తరువాత అదే మొదటి ప్రయాణం. కొత్త కాపురపు ముచ్చట తీరకముందే గాలి పిలిచింది. ఆమె కుండ అందించింది. వేళ్ళకంటిన బూడిదను అతని మణికట్టుకు రాసి వెనుదిరిగింది. ఆ ఏడు గాలి తిరగడం ఎన్నడూ లేనంత ఆలస్యమైంది. ఉత్తరపు రేవులో ఇతర పడవలవారు సంతలకూ తిరునాళ్ళకూ పోతూ పొద్దుపుచ్చుతుంటే, లక్కయ్య మాత్రం తెల్లవారగానే వేలు తడిపి గాలికి చూపి, ఏ పక్క చల్లబడిందో తెలుసుకొని, నిట్టూర్చి కుండ దగ్గర కూర్చునేవాడు. అన్నం ఉడికే వాసనలో అతనికి తన వాకిలి కనిపించేది. ఎర్రని నిప్పు మీద బూడిద పొర కదిలినప్పుడల్లా, ఆ క్షణాన ఆమె కూడా అక్కడ పొయ్యి ఊదుతున్నదని అతని నమ్మకం.

పడవలో అతనికి తోడు దేముడమ్మ తమ్ముడు గంగులు. వాడు ఊరుకునే రకం కాదు.

"ఏటి బావా, కుండకేసి అలగ సూస్తన్నావు? మా అప్ప గాని అందులో కూకుందేటి?" అనేవాడు.

"కూకుంటే నీకేటిరా? గంజి తాగి తొంగో."

"ఇలగయితే గాలి తిరిగినా నీకు తెలీదు. నానే పడవ తోలుకెలిపోతాను, నువ్వు కుండతో కాపరం సేసుకో."

చివరకు ఒక ఉదయం గాలి తిరిగింది. ధాన్యపు బస్తాలమీద ఎండుగడ్డి కప్పి, వెనుకనుంచి తోసే ఆ గాలికి తెరచాప విప్పి, వారు దక్షిణానికి సాగారు. గాలి వెనుకనుంచి వీచేటప్పుడు నిప్పుకుండ పడవ ముందుకొనలో, తెరచాపకు అవతల, మూత బిగించి ఉండాలి. నిప్పురవ్వ లేచినా సముద్రంలోనే పడుతుంది. ఇది లక్కయ్యకు తెలియనిది కాదు. కాని ఒక సాయంకాలం ఎర్రదిబ్బలు కంటబడ్డాయి. వాటికింద సన్నని పొగలు. అందులో ఒకటి తన ఇంటిది. ఆ పొగ చూడగానే అతని మనస్సు వశం తప్పింది. ఇంత దూరం తెచ్చిన నిప్పును ఆమె చేతికి బూడిదగా ఎలా ఇవ్వాలి, కణకణలాడుతూ ఇవ్వాలి అనుకొని, కుండను ముందుకొననుంచి తెచ్చి చుక్కాని దగ్గర మోకాళ్ళమధ్య పెట్టుకొని, మూత తీసి, పీచు దట్టించి, గట్టిగా ఊదాడు.

లేచిన రవ్వలను గాలి తీసుకుపోయి తెరచాపలో పెట్టింది.

ఎండకు ఎండిన గుడ్డ భగ్గుమన్నది. గంగులు కత్తితో తాడు కోసి, మండుతున్న తెరచాపను పక్కకు లాగి నీటిలోకి తోశాడు. కాని దాని అంచు అప్పటికే గడ్డికి అంటుకున్నది. గడ్డి కింద ధాన్యం, ధాన్యం కింద గుగ్గిలం, చేపనూనె పట్టించిన చెక్కలు. తడిపిన గోనె మంటమీద పరిచి ఇద్దరూ రెండుకొసలా అదిమిపడితే తప్ప అది ఆరదు. లక్కయ్య ఒంటిచేత్తో నీళ్ళు చల్లుతున్నాడు. రెండవచేత్తో కుండను గుండెకు అదుముకొని ఉన్నాడు.

"రెండు సేతులూ కావాల బావా! కుండ ఒగ్గీ!"

"ఇంటి నిప్పురా!"

"నువ్వు కాలిపోతే మా అప్పకి ఏటి సెప్పాల? కుండ ఇమ్మని సెప్పాలా?"

లక్కయ్య కళ్ళు మూసుకొని కుండను సముద్రంలోకి విసిరాడు. నిప్పు సుయ్యిమన్న చప్పుడు అతనికి తన ఇల్లే ఆరిపోయినట్టు వినిపించింది. తరువాత రెండుచేతులతో గోనె అందుకొన్నాడు.

మంట ఆరింది. కాని తెరచాప లేని పడవను నీటివాలు తీరం పొడవునా దక్షిణానికి ఈడ్చుకుపోసాగింది. అంతగా కలవరించిన దిబ్బలు కళ్ళముందే పక్కకు జరిగి, మునిమాపు మసకలో కలిసిపోయాయి. ఎటు తెడ్డు వేయాలో తెలియని ఆ సమయంలో, తీరాన ఒక రాతిమీద పెద్ద మంట లేచింది. ఇద్దరూ దానిమీదే చూపు నిలిపి, చేతులు పగిలేదాకా తెడ్లు వేశారు.

రాతిపక్కన నడుములోతు నీటిలో దేముడమ్మ నిలబడి ఉన్నది. గంగులు దూకి ఒడ్డెక్కాడు. లక్కయ్య మాత్రం నీటిలోనే ఆగిపోయాడు.

"నాను రాకూడదే. నిప్పు నీటిపాలు సేసీసినాను. ఇంక మన ఇల్లు ఇల్లు కాదు."

"ఏ ఇల్లు మావా?" అన్నదామె. "సముద్రం మీద పొగ సూసినాను. పొయ్యిలో ఉన్న నిప్పంతా ఎత్తి తెచ్చి ఈ రాతిమీద పోసీసినాను. ఆడ బూడిద తప్ప ఏటీ నేదు. నాను ఇన్నాళ్ళూ దారి సూసింది నిప్పు కోసమా?"

ఆ మాట ముగిసేలోగా పోటు మీది పెద్ద అల ఒకటి వచ్చి రాతిని ముంచి, మంటను కడిగివేసింది. అతని నిప్పూ పోయింది, ఆమె నిప్పూ పోయింది. చీకటిలో ఇద్దరూ ఒకరి చేయి ఒకరు వెదికి పట్టుకొన్నారు. అల వెనక్కు తగ్గింది. అప్పుడు రాతి నడుమనున్న గుంటలో, నిలిచిన నీటి అడుగున, ఒక్క నిప్పుకణిక ఎర్రగా వెలుగుతూ కనిపించింది. సముద్రం మోసుకొచ్చిన లక్కయ్య నిప్పో, సముద్రం ముంచిన దేముడమ్మ నిప్పో ఎవరూ చెప్పలేకపోయారు. పెద్దలు వచ్చి చూసి, అమ్మవారే బిడ్డలకు ఎదురొచ్చిందని చేతులు జోడించారు. దేముడమ్మ ఆ కణికను తడిపిన కొంగులో తీసుకుపోయి పొయ్యి వెలిగించింది. "ఈ తూరి మూత నాను కట్టీతాను బావా" అన్నాడు గంగులు.

నాటినుంచి ఆ రాయి ఎదురునిప్పమ్మ అయింది, పల్లె ఎదురునిప్ప అయింది. గుడి లేదు, విగ్రహం లేదు. పోటు వచ్చినప్పుడల్లా సముద్రం ఆ గుంటను నింపి పోతుంది. దాని అడుగు నేటికీ నిప్పు రంగే. ఇప్పుడు పడవలకు ఇంజన్లు వచ్చాయి, ఇళ్ళలో గ్యాసు పొయ్యిలు వచ్చాయి. అయినా వంటసామాను పడవ ముందుకొన దాటి వెనక్కు తెచ్చే మనిషి ఆ ఊరిలో లేడు. ఉత్తరపు గాలి మొదలైన దినాన ఆడవారందరూ పొయ్యిలు ఆర్పి, రాయి చుట్టూ కూర్చొని సముద్రం వైపు చూస్తారు. పడవలు కనిపించాకే అక్కడ దీపం వెలిగించి, ఆ నిప్పు ఇంటికి తీసుకుపోతారు. ఆ దినాన ఏ పడవైనా రాకపోతే ఆ పడవవాడి ఇంటి ఆడమనిషి అక్కడే కూర్చుండిపోతుంది. ఆమెను ఎవరూ లెమ్మనరు. ఆమె తనంతట తాను లేచేదాకా ఎదురునిప్పలో ఏ ఇంటా పొయ్యి వెలగదు.