మసి పట్టిన చోటు

సింగరాచార్యులు గారిని ఎవరైనా ఏదైనా అడిగితే, ముందు వాళ్ల చేతికి ఒక పని ఇస్తారు. తాటాకు గ్రంథాలు బాగుచేయడంలో నలభై ఏళ్లు గడిపిన మనిషి. "చేతులు ఊరికే ఉంటే చెవులు సరిగా వినవు" అంటారు. అది నిజమని నేను ఒప్పుకోను. కాని ఆయన దగ్గర జవాబు దొరికినవాళ్లెవరూ శుభ్రమైన చేతులతో ఇంటికి వెళ్లలేదు.

ఆ గురువారం అడగడానికి వచ్చింది ప్రసూన. ఆయన దగ్గరే పని నేర్చుకుని, ఇప్పుడు ఒక కొత్త పని నెత్తిన వేసుకుంది. పాత గ్రంథాలను కాపాడేవాళ్లు ఎక్కడివాళ్లక్కడే ఉంటారు. ఒకరికి తెలిసింది మరొకరికి తెలియదు. వాళ్లందరూ కలిసి రాసుకోవడానికి, ఒకరి పరిశోధన ఇంకొకరు చూసుకోవడానికి ఇంటర్నెట్‌లో ఒక వేదిక కడుతోంది. ఏ పురుగుకు ఏ మందు వేశారు, ఏ ఆకుకు ఏ నూనె రాశారు, తర్వాత ఏమైంది, అన్నీ అందులో ఉంటాయి. రెండేళ్లుగా పద్నాలుగు ఊళ్లవాళ్లు రాస్తున్నారు. సోమవారం నుంచి దాన్ని అందరికీ తెరవాలి.

"మాస్టారూ, అందులో 'చెరిపెయ్యి' అని ఒక బటన్ పెట్టాలా వద్దా?" అని అడిగింది.

"బటన్లు కుట్టడం నాకు రాదే అమ్మాయ్" అన్నారాయన.

ఆమె నవ్వలేదు. కూర్చుని సంగతంతా చెప్పింది. ఉత్తరాంధ్రలో ఒక గ్రంథాలయంలో సన్యాసిరావు అనే ఆయన పనిచేస్తాడు. విచ్చిపోతున్న ఆకులకు ఫలానా జిగురు పలచగా పూస్తే గట్టిపడుతున్నాయని రెండేళ్ల కిందట ఆ వేదిక మీద రాశాడు. అది చదివి నిరుడు ఇంకో ఊరివాళ్లు ఒక కట్ట మొత్తానికి పూశారు. ఈ ఏడు వానలు పడగానే ఆకులు ఒకదానికొకటి అంటుకుపోయాయి. విడదీస్తే పైపొరతో పాటు అక్షరాలూ లేచి వచ్చాయి. నలభై ఆకులు పోయాయి. ఆ గ్రంథానికి మరో ప్రతి ఎక్కడా లేదు.

పొద్దున సన్యాసిరావు ఫోన్ చేశాడట. "నా మొహాన మసి పూసి నలుగురికీ చూపిస్తారేటమ్మా? నేను రాసింది తీసెయ్యండి. లేకపోతే ఇంక అందులో ఒక్క ముక్క రాయను" అన్నాడట. ఆయన మానేస్తే తామూ మానేస్తామని ఇంకో ఆరుగురు కబురు పెట్టారు.

"ఉంచితే రాసేవాళ్లు పోతారు. తీసేస్తే ఇంకెవరో అదే జిగురు పూస్తారు, ఆకులు పోతాయి. నన్నేం చెయ్యమంటారు?"

ఆయన లేచి, లోపల్నుంచి రెండు తాటాకులు తెచ్చారు. ఒకటి ఆమె ముందు పెట్టి, "దీనికి మసి పెట్టు" అన్నారు.

తాటాకు మీద రాత అంటే గంటంతో గీసిన గీతే. కొత్తలో ఆకు రంగూ గీత రంగూ ఒక్కటే. నూనెలో కలిపిన దీపం మసి రుద్ది గుడ్డతో తుడిస్తే, పైనున్న నలుపు పోతుంది, గీతలోకి దిగిన నలుపు నిలుస్తుంది. అప్పుడు కాని చదవడానికి రాదు. పాత ఆకుల్లో ఆ నలుపు వెలిసిపోతే మళ్లీ పెట్టాలి. నేను ఆ పక్కనే కూర్చుని కట్టలకు దారాలు మారుస్తున్నాను. ప్రసూన ముఖం చిరాగ్గానే ఉంది, చేతులు మాత్రం నెమ్మదిగా, సరిగా పనిచేస్తున్నాయి.

అక్షరాలు లేచాయి. అది పశువైద్యం. పొట్ట ఉబ్బిన ఆవుకు ఒక ఆకు పెట్టమని ఉంది. ఆ ఆకు పేరు నేనిక్కడ రాయను. రాస్తే ఎవరో ఒకరు పెట్టి చూస్తారు. "పిడికెడు" అన్న మాట మీద అడ్డంగా ఒక గీత ఉంది. దాని కింద చిన్న అక్షరాలతో ఇలా ఉంది: "మూడు ఆకులే. పిడికెడు పెట్టగా మా కర్రావు చచ్చెను."

"ఎవరు కొట్టేశారు?" అని అడిగారు ఆచార్యులు గారు.

"దొంగల సంగతి నాకేం తెలుసు మాస్టారూ" అంది ప్రసూన. బటన్ల మాటకు బదులు తీర్చుకుంది.

"కొట్టేసింది మాటనమ్మా, ఆవును కాదు. భూతద్దం తీసుకో."

ఆమె వంగి చాలాసేపు చూసింది. చిరాకు పోయి ఏదో వెతుకుతున్నట్టు అయింది ముఖం. "తలకట్లు అన్నీ కుడికి వాలుతున్నాయి. పైన రాసింది, కింద రాసింది ఒక్క చెయ్యే. గీత కూడా ఆ గంటానిదే. తను రాసింది తనే కొట్టేసుకున్నాడు."

"ఊఁ. ఇప్పుడు రెండోది."

అది వేరే ఊళ్లో, వేరే ఇంట్లో దొరికిన ఆకు. అదే వైద్యానికి తర్వాతి కాలంలో తీసిన ప్రతి. ముత్యాల్లాంటి అక్షరాలు. "మూడు ఆకులు పెట్టవలెను" అని ఉందంతే. కొట్టివేత లేదు, ఆవు లేదు.

"ఎంత శుభ్రంగా ఉందో" అంది ప్రసూన.

"శుభ్రంగానే ఉంది. అంచుకు కూడా మసి పెట్టు."

అంచున మరో చేతిరాత లేచింది. పెద్ద పెద్ద అక్షరాలు, గట్టిగా నొక్కి గీసినవి. "మూడు చాలవు. పిడికెడు పెట్టవలెను."

ప్రసూన గుడ్డ కింద పెట్టేసింది. "ఆ ఇంట్లో ఎన్ని ఆవులు..." అంది.

"అది రాయలేదు" అన్నారాయన.

ఆమె చేతులు కడుక్కోకుండానే వరండాలోకి వెళ్లి సన్యాసిరావుకు ఫోన్ చేసింది. చేతికి మసి అని స్పీకర్ పెట్టింది కాబట్టి నాకూ వినపడింది. బటన్ మాట ఎత్తలేదు. రెండు ఆకులూ చదివి వినిపించింది.

"ఆ కర్రావు రాసినాయనదేనా అమ్మా?"

"ఆయనదేనండి."

"కింద తన పేరు కూడా పెట్టాడా?"

"ఆకు చివర ఉందండి."

ఫోన్ పెట్టేశాడు.

ఆదివారం మధ్యాహ్నం ప్రసూన ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. 'చెరిపెయ్యి' అన్నది ఎక్కడా లేదు. ఆ చోట 'కొట్టివేత' అని ఉంది. ఎవరు రాసింది వాళ్లే కొట్టేసుకోవాలి. కొట్టేసింది గీత కింద కనపడుతూనే ఉంటుంది. ఎందుకు కొట్టేశారో కింద రాస్తే కాని గీత పడదు. "ఇంకొకరి మాట కొట్టేయడం నాక్కూడా కుదరదు మాస్టారూ, అలాగే కట్టాను" అంది. మానేస్తామన్న ఆరుగురిలో ఇద్దరు మానేశారనీ, తక్కిన నలుగురు ఏ మాటా చెప్పలేదనీ కూడా చెప్పింది.

తర్వాత సన్యాసిరావు పేజీ తెరిచింది. జిగురు గురించి రాసిన నాలుగు వరసల మీదా గీత పడి ఉంది. కింద ఇలా ఉంది: "ఇది పూయవద్దు. రాసిన ఏడాది వానలకే మా దగ్గర పదకొండు ఆకులు అంటుకుపోయాయి. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ నలభై ఉండేవి. సన్యాసిరావు."

ఆచార్యులు గారు పొద్దుటి నుంచీ ఏదో కట్టకు మసి పెడుతూ ఉన్నారు. ఆ చేతితోనే తెర మీద వేలు జరుపుకుంటూ రెండుసార్లు చదివారు. 'సిగ్గుపడి' అన్న మాట దగ్గర వేలు ఆగింది. నల్లటి మరక పడింది. ప్రసూన తుడవడానికి కొంగు తీసింది.

"మసి అంటే భయపడ్డాడు పాపం" అన్నారాయన. "ఉండనీ అమ్మాయ్. అది పట్టిన చోటే కదా చదవడానికి వచ్చేది."