మాటబండ ఎక్కిన నక్క

రండి, రండి, దగ్గరికి జరగండి. ఆ చాప చివర కూర్చున్న అమ్మా, నువ్వు కూడా ముందుకి రా. పిల్లల్ని ఒళ్లో పెట్టుకోండి. ఈ కథలో వడగళ్లు పడతాయి, గాలి అడ్డం తిరుగుతుంది, ఒక తోక బాగా నలుగుతుంది. ముందు ఆ స్వామికి ఒక దణ్ణం పెట్టుకుందాం, గాలికి దారి చూపించేది ఆయనే కదా! పెట్టుకున్నారా? సరే, వినండి.

సముద్రం మధ్యలో గవ్వలదిబ్బ అని ఒక దీవి. చుట్టూ తెల్లటి ఇసక, నడుమ ఒక చిన్న గుట్ట, ఎటు చూసినా మొగలి పొదలు. ఏడాది పొడుగునా ఎండ, మధ్యమధ్య వాన, అంతే. చలి అనే మాటే అక్కడ లేదు. ఒక్క ముసలి ప్రాణి తప్ప, అక్కడ పుట్టినవాళ్లెవరూ ఏనాడూ వణకలేదు.

గుట్ట పక్కన ఒక రాయి ఉంది. దాని పేరు మాటబండ. రోజూ పొద్దు పొడవగానే ముసలి ఎండ్రకాయ అంకాలత్త ఆ బండెక్కి ఆ పూట వాతావరణం చెప్పేది. "ఇవాళ ఎండ గట్టిది, పిల్లల్ని నీడన ఉంచుకోండి." "మధ్యాహ్నం జల్లు, గూళ్లు సర్దుకోండి." అందరూ వచ్చి విని, ఎవరి పనికి వాళ్లు వెళ్లేవారు. ఆ బండకి ఒక కట్టుబాటు కూడా ఉంది. అదేమిటో చోటొచ్చినప్పుడు చెప్తాను, తొందరపడకండి.

అందరూ వచ్చేవారన్నానా, ఒక్కడు మాత్రం వచ్చేవాడు కాదు. నక్క జోగినాథం. ఆమధ్య వరదల్లో ఒక దుంగ పట్టుకుని కొట్టుకొచ్చి ఈ దీవిలో తేలాడు. బారెడు పొద్దెక్కితే గాని కళ్లు తెరిచే రకం కాదు. మాటబండ ఎక్కడుందో తెలుసు, అక్కడి మాటలు వాళ్లూ వీళ్లూ అనుకుంటే వినడమే, అక్కడి పద్ధతులు మాత్రం తెలీవు.

అలాంటివాడికి ఒకరోజు తెల్లవారకుండానే మెలకువ వచ్చింది. పక్కనే ధబ్బుమని ఏదో పడింది. చూస్తే ఒక బాతు, పెద్దది, మంచుకొండల అవతలి నుంచి ఎగురుకుంటూ వచ్చింది. రొప్పుతోంది.

"ఏమండీ, ఈ దీవికి పెద్దదిక్కు ఎవరు?"

"ఇంకెవరు, నేనే. చెప్పు తల్లీ," అన్నాడు జోగినాథం, కళ్లు నులుముకుంటూ.

"అయితే వినండి, మళ్లీ చెప్పే టైము లేదు. నా వెనకాలే చలి వస్తోంది. మధ్యాహ్నానికి ఇక్కడుంటుంది. ముందు దక్షిణపు గాలి ఉక్కగా వీస్తుంది, చూసి మోసపోకండి. తర్వాత అది ఉన్నట్టుండి ఆగిపోతుంది, ఆకు కూడా కదలదు. అప్పుడు ఉత్తరాన నల్ల మబ్బు లేస్తుంది, సముద్రం అంచు పొడుగునా గోడ కట్టినట్టు. అది నెత్తి మీదకి వచ్చిందా, గాలి తిరిగిపోతుంది. ఉత్తరం నుంచి వాన, వడగళ్లు, ఆ వెనక ఎముకలు కొరికే చలి! పసివాళ్లుంటే ఉత్తరపు గాలి తగలని చోట దాచుకోమని అందరికీ చెప్పండి. ఉంటాను!"

బాతు రెక్కలు విదిలించుకుని దక్షిణం వైపు ఎగిరిపోయింది.

జోగినాథం కూర్చుని ఆలోచించాడు. ఉత్తరపు గాలి తగలని చోటు దీవి మొత్తానికి ఒక్కటే. మాటబండకి పది గెంతుల దూరంలో, గుట్టకి దక్షిణం వైపు ఉన్న ఎండగుహ. వెచ్చగా, పొడిగా, అందరూ పట్టేంత. కానీ అందరూ పడితే వాడికేం లాభం? తీతువు పైడమ్మకి నిన్ననే ముగ్గురు పిల్లలు పుట్టారు. దూది ఉండల్లా ఉన్నారు, రెక్కలు కూడా రాలేదు. గుట్టకి అవతలి ఉత్తరపు రేవుకి వాళ్లని పంపితే, అక్కడ చలికి బిగుసుకుపోరూ? వాన వెలిశాక తీరిగ్గా వెళ్లి ఏరుకోవచ్చు. నోరూరింది వాడికి. చూశారా, బాతు ఊరంతటికీ పంపిన కబురుని వాడొక్కడి ఫలహారానికి దాచుకున్నాడు!

పొద్దు పొడిచింది. దక్షిణపు గాలి మొదలైంది, అచ్చం బాతు చెప్పినట్టే, ఉక్కగా. మాటబండ చుట్టూ అందరూ చేరారు. అంకాలత్త పక్కపక్కగా పాకుతూ బండెక్కింది. రెండు కళ్లూ పైకెత్తి ఉత్తరం వైపు చాలాసేపు చూసింది.

"పిల్లలూ, ఇవాళ కొత్త మాట చెప్తున్నాను. తెల్లారేసరికి మా వాళ్లంతా ఉత్తరం వైపు బొరియలన్నీ మట్టితో మూసేశారు. నేను గోరంత ఉన్నప్పుడు ఒక్కసారి ఇలాగే మూశారు. ఆరోజు గాలి ఉత్తరం నుంచి, చలి అనేదాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. మా తోడపుట్టినవాళ్లు సగంమంది దక్కలేదు. మధ్యాహ్నంలోపు అందరూ ఎండగుహలోకి వెళ్లిపోండి."

"హహ్హహ్హా!" వెనక నుంచి నవ్వు వినిపించింది. అందరూ తిరిగి చూశారు. జోగినాథం!

"ఏం బావా, ఇంత పొద్దున్నే లేచావు? వొంట్లో బాగానే ఉందా?" అన్నాడు మేకపోతు గంటలయ్య. వాడికి నోరెక్కువ, ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ల పక్షం.

"మీ క్షేమం కోసం లేచాను గంటలయ్యా. అయ్యా, అమ్మా, మీరే చెప్పండి. మీ పుట్టుకలో తుఫాను ఏ వైపు నుంచి వచ్చింది?"

"దక్షిణం నుంచే," అన్నారు అందరూ.

"ఇప్పుడు గాలి ఎటు నుంచి వీస్తోంది?"

"దక్షిణం నుంచే!"

"మరి దక్షిణానికి నోరు తెరుచుకుని ఉన్న గుహలో కూర్చోమంటుందేమిటి ఈవిడ? తిన్నగా నడవడమే రాని ఆవిడకి తిన్నగా మాట్లాడటం ఎలా వస్తుంది? పోయిన నెల కుండపోత అంది. ఏం పడింది?"

"నాలుగు చినుకులు," అన్నాడు గంటలయ్య ఉత్సాహంగా. "నా గడ్డం కూడా తడవలేదు."

గుంపులో నవ్వులు. అంకాలత్త నవ్వలేదు, కోప్పడలేదు కూడా.

"తప్పు చెప్పిన మాట నిజమే నాయనా. నాలుగు చినుకులే పడ్డాయి. నీకు అంతకన్నా బాగా తెలిస్తే బండెక్కి చెప్పు," అని దిగిపోయింది.

జోగినాథం ఒక్క దూకుతో బండెక్కాడు. ఎంత కులాసాగా ఎక్కాడనుకున్నారు, పెళ్లికొడుకు పల్లకీ ఎక్కినట్టే!

"వినండహో! దక్షిణం నుంచి పెనుగాలి వస్తోంది. అందరూ ఉత్తరపు రేవుకి పోయి మొగలి పొదల చాటున కూర్చోండి. ముఖ్యంగా పసిపిల్లల తల్లులు. పైడమ్మా, నువ్వు అందరికన్నా ముందు!"

పైడమ్మ పిల్లల్ని రెక్కల కింద అదుముకుంది. "అత్తా, ఏం చెయ్యమంటావు?" అంది మెల్లిగా.

అంకాలత్త చిన్నగా దగ్గింది. "బండెక్కినవాడి మాట వినాల్సిందే. అయితే జోగినాథం, కట్టుబాటు తెలుసుగా?"

"ఏం కట్టుబాటు?"

ఇదిగో, ఇప్పుడొచ్చింది చోటు. చెవులు ఇటు పెట్టండి.

"బండెక్కి చోటు చెప్పినవాడు ముందు తను ఆ చోటికి వెళ్లాలి. అందరికన్నా చివర, గాలి మొదట తగిలే కొసన కూర్చోవాలి. అక్కడ క్షేమమని తెలిశాక కేకెయ్యాలి. ఆ కేక చెవిన పడితే గాని ఇక్కడినుంచి ఒక్క తల్లీ కదలదు. ఆకాశం తేటపడేదాకా వాడు అక్కడినుంచి లేవకూడదు. మా తాతల నాటినుంచీ ఇంతే. నా మాట మీద ఎండగుహకి వెళ్లి ఉంటే నేను గుహ గుమ్మంలో కూర్చునేదాన్ని."

జోగినాథం మొహం కొంచెం మాడింది. చుట్టూ చూశాడు. అందరి కళ్లూ వాడి మీదే. కాదంటే గుట్టు బయటపడుతుంది. 'ఏముందిలే,' అనుకున్నాడు, 'వెళ్తాను, ఒక కేక వేస్తాను, వీళ్లు ఇటు వచ్చేలోపు ఒడ్డమ్మట చుట్టూ తిరిగి గుహలో దూరిపోతాను.'

"ఓస్, అంతేనా! ఇప్పుడే బయలుదేరతాను."

"ఉండు నాయనా. దిగిపోయినవాళ్లు ఎక్కినవాళ్లకి తోడు వెళ్లాలి. అదీ కట్టుబాటే," అంటూ అంకాలత్త వచ్చి, పట్టకారులాంటి పెద్ద డెక్కతో వాడి తోక పట్టుకుంది. మర్యాదగానే పట్టుకుంది. కానీ పట్టుకుంది.

"అత్తా, నువ్వెందుకు!" అంది పైడమ్మ కంగారుగా. "అక్కడ చలి అనేదేదో వస్తుందన్నావుగా?"

"అన్నాను. నా మాట అబద్ధమైతే ఏ గొడవా లేదు. నిజమైతే నీ పిల్లల బదులు నేనుంటాను. నువ్వు మాత్రం కేక వినేదాకా కదలకు."

ఇద్దరూ వెళ్లారు. ఉత్తరపు రేవు కొసన మొగలి పొద దగ్గర జోగినాథం కూర్చున్నాడు. అంకాలత్త ఒక డెక్కతో వాడి తోకనీ, ఇంకో డెక్కతో మొగలి వేరునీ పట్టుకుని, ఇసకలోకి కళ్లదాకా దిగింది.

"రండో! ఇక్కడ చల్లగా హాయిగా ఉంది! అందరూ రండి!" అరిచాడు జోగినాథం.

ఎవరూ రాలేదు.

"పైడమ్మో! పిల్లల్ని తీసుకురా!"

ఎవరూ రాలేదు. గొంతు చించుకున్నాడు. లాభం లేదు.

"ఏమైంది వీళ్లకి? చెవుడా?"

"చెవుడు కాదు నాయనా," అంది ఇసకలోంచి అంకాలత్త. "దక్షిణపు గాలి కదా వీస్తున్నది. నీ కేకని ఎత్తుకుపోయి సముద్రంలో పడేస్తోంది. గాలి తిరిగితే గాని వాళ్లకి వినపడదు."

జోగినాథం చటుక్కున ఆవిడ వైపు తిరిగాడు. "ముందే తెలుసా నీకు?"

"బొరియలో ఉండేదాన్ని, గాలి సంగతి తెలీకుండా ఎలా ఉంటుంది?"

అప్పుడే గాలి ఆగిపోయింది. ఆకు కదల్లేదు. అల కూడా మెత్తగా వచ్చి ఇసక తాకి వెళ్లింది. ఉత్తరాన సముద్రం అంచు మీద నల్లటి గీత, చూస్తూండగానే గోడైంది. గోడ పరిగెడుతోంది!

"అత్తా, తోక వదులు! వదులు తల్లీ, పుణ్యముంటుంది!"

"ఆకాశం తేటపడనీ."

లాగాడు. తోక తెగేలా ఉంది. కరవబోయాడు. నోట్లోకి ఇసక, పంటి కింద అత్త వీపు మీది గట్టి డిప్ప.

ఇటు మాటబండ దగ్గర గంటలయ్య గిట్టలు నేలకేసి కొడుతున్నాడు. "కేక కోసం కూర్చుంటే పిల్లలు ఏమవుతారు పైడమ్మా? చూడు, గాలి కూడా ఆగింది. నడు, నేను ముందు నడుస్తాను!"

పైడమ్మ ఒక అడుగు వేసింది. రెక్క కింద చిన్నది కీచుమంది. పైడమ్మ ఆగి కళ్లు మూసుకుంది. 'స్వామీ, నువ్వే చెప్పు' అనుకుంది.

వచ్చింది గాలి! ఉత్తరం నుంచి, ఒక్క ఊపున! మొగలి పొదలన్నీ వంగిపోయాయి. ఆ గాలి మోసుకొచ్చింది జోగినాథం కేకని, ఒక్క అక్షరం పోకుండా.

"బాబోయ్! ఇటు రాకండి! చచ్చిపోతాను! ఉత్తరం గాలి! చలి! గుహలోకి పొండి, గుహలోకి! అయ్యో నా తోక!"

ఆ దీవిలో అంత నిజమైన వాతావరణ వార్త అంతకుముందు ఎవరూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు!

"గుహలోకి!" అని అరిచింది పైడమ్మ. పది గెంతులు. ఒకరి మీద ఒకరు పడుతూ లేస్తూ దూరారు. చివరివాడి కాలు లోపల పడిందో లేదో, బయట వడగళ్లు టపటపా రాళ్లలా పడ్డాయి. ముగ్గురు పిల్లలూ గుహ లోపలి మూలలో, వెచ్చగా, క్షేమంగా.

అప్పుడు గంటలయ్యకి గుర్తొచ్చింది. "అత్త అక్కడే ఉంది!"

వాడికి నోరెక్కువన్నాను. గుండె కూడా ఉంది. ఇంకో మాట లేకుండా ఆ వడగళ్లలోకి దూకాడు. కొమ్ముల మీద రాళ్లు పడుతున్నా పరిగెత్తాడు. కాసేపటికి తిరిగొచ్చాడు, వీపు మీద అంకాలత్త. వెనకాలే జోగినాథం కూడా వచ్చాడు. రాక ఏం చేస్తాడు? తోక ఇంకా ఆవిడ డెక్కలోనే ఉంది.

కానీ అంకాలత్త కదల్లేదు. పిలిస్తే పలకలేదు. కాళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి.

పైడమ్మ ఏడుస్తూ వచ్చి, పిల్లల్ని ఒక పక్కకి జరిపి, ఆవిడని రెక్క కిందకి తీసుకుంది. మూడు దూది ఉండలూ ఆ చల్లటి డిప్పకి ఆనుకుని పడుకున్నాయి.  అందరి పెదాల మీదా దేవుడి పేరే. చాలాసేపటికి రెక్క కింద నుంచి టక్కుమని చిన్న చప్పుడు. డెక్క విడింది. జోగినాథం తోక జారి నేల మీద పడింది.

"ఆకాశం తేటపడిందా?" అంది నీరసంగా అంకాలత్త.

"ఇంకా లేదత్తా," అన్నాడు గంటలయ్య, ముక్కు చీదుకుంటూ.

"అయితే ఆ నక్కని గుమ్మంలో కూర్చోబెట్టండి. చోటు వాడే అరిచి చెప్పాడుగా."

అంత ఏడుపులోనూ గుహంతా నవ్వు. జోగినాథం మూడు రోజులు గుమ్మంలోనే, చలి తగిలే కొసన, వణుకుతూ కూర్చున్నాడు. గంటలయ్య కొమ్ములు వంచుకుని వాడి ఎదురుగా కాపలా. పిల్లల వైపు తల తిప్పడానికి కూడా ఆ నక్కకి ధైర్యం చాల్లేదు.

నాలుగోరోజు ఎండ వచ్చింది. పొద్దు పొడవగానే అంకాలత్త బండెక్కేసరికి అందరికన్నా ముందు వరసలో ఎవరు? జోగినాథం, తోక చుట్టూ ఆకు కట్టు కట్టుకుని.

"ఏం బావా, ఇవాళ వాతావరణం నువ్వు చెప్తావా?" అన్నాడు గంటలయ్య.

వాడు తోకని ఒళ్లోకి లాక్కుని అడ్డంగా తలాడించాడు.

ఇదీ కథ. నీతి ఒక్కటే: నిన్ను పంపే చోటికి ముందు తను వెళ్లి కూర్చునేవాడి మాటే నమ్ము.

ఇక లేచే ముందు ఒక్క కోరిక. నక్కని మరిచిపోయినా ఫర్వాలేదు. ఆ ముసలి ఎండ్రకాయ ఎవరి పిల్లల కోసమో ఆ గాలికి ఎదురు వెళ్లి కూర్చుంది చూడండి, ఆ ఒక్క పని గుర్తుంచుకోండి. ఇంటికెళ్లి, ఇవాళ రాలేని వాళ్లకి చెప్పండి. మీకు అలాంటి పూట వస్తే, మీరూ అదే చెయ్యండి. ఆ స్వామి మిమ్మల్ని తన రెక్క కింద పెట్టుకుంటాడు.