కంచం అడుగున పేరు

"దంచవే చెల్లెలా దంచవే, దంచిన బియ్యం ఎవరికే..."

ఆ తర్వాతి ముక్క సీతారావమ్మకి గుర్తు రాలేదు. చిన్నప్పుడు రోటి చుట్టూ చేరి ఆడపిల్లలు రోకలి చేతులు మార్చుకుంటూ పాడిన పాట అది. ఎవరికో ఒకరికి అని జవాబుండేది. వదినకో, వాన దేవుడికో, ఆ జవాబు దగ్గరే అందరూ విరగబడి నవ్వేవాళ్ళు. నవ్వు గుర్తుంది, మాట పోయింది. పొద్దున్నే కారులో కూర్చుని అదే ముక్కని తిప్పి తిప్పి గొణుక్కుంటూ ఆవిడ మరియదాసు మాస్టారింటికి బయల్దేరింది. దారిలో కిటికీ అద్దం దించింది, ఎత్తింది, మళ్ళీ దించింది.

మాస్టారు ఎలిమెంటరీ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆయనకో అలవాటుంది. ఎవరైనా వచ్చి ప్రశ్న అడిగితే జవాబు చెప్పడు, పని చెబుతాడు. తమ్ముడికీ నాకూ మాటలెందుకు లేకుండా పోయాయండీ అని అడిగిన ఒకాయన్ని, వెళ్ళి ఆ తమ్ముడి సైకిలుకి గాలి కొట్టించుకు రమ్మన్నాడు. కొందరు ఈ ముసలాయనకి మతి చలించిందని తిట్టుకుంటూ పోయేవాళ్ళు. చెప్పిన పని చేసొచ్చినవాళ్ళు మాత్రం ఇంక ఆ అరుగు వదిలేవాళ్ళు కాదు.

సీతారావమ్మ అరవై దాటాక ఆయన దగ్గరే అక్షరాలు దిద్దింది. భర్త పోయిన ఏడాది అది. ఆవిడ కాపురానికొచ్చిన కాలంలో మొగుడి పేరు పెళ్ళాం నోటంట రాకూడదు. బ్యాంకులో అడిగినా, ఓటు వేసే చోట అడిగినా, పక్కనున్నవాళ్ళ మొహం చూసి వాళ్ళ చేత చెప్పించేది. ఆయన ఉన్నన్నాళ్ళూ అనలేదు, పోయాక అందామంటే నోరు తిరగలేదు. "అనకూడదు సరే, రాయొచ్చా మాస్టారూ?" అని అడిగింది మొదటిరోజే. ఆయన పలక చేతికిచ్చాడు. లోకమంతా అ ఆలు దిద్దాక పేర్లు రాస్తే, ఆవిడ మాత్రం దశరథరామయ్య అని రాయడం వచ్చాక అ ఆల దగ్గరికి వెళ్ళింది.

నూనె మిల్లు బాగా కలిసొచ్చాక పిల్లలు తండ్రి పేరున ధర్మనిధి ఒకటి పెట్టారు. పట్నంలో మంచి పనులు చేసే చిన్న చిన్న సంఘాలకి ఏటా దాంట్లోంచి సాయం వెళుతుంది. కుట్టుపని నేర్పేవాళ్ళున్నారు, చెవిటిపిల్లలకి బడి నడిపేవాళ్ళున్నారు. ఏమిచ్చినా దాని మీద పేరుండాలన్నది ఆ ఇంటి పద్ధతి. ఫ్యాను రెక్కల మీద పేరు, బల్ల వీపున పేరు, కుట్టుమిషను నడుం మీద పేరు. స్టీలు కంచాల దగ్గరికొచ్చేసరికి పెద్దకొడుకు ప్రభాకరానికి ఒక ఆలోచన వచ్చింది. అమ్మ చేత ఒక కాగితం మీద నాన్న పేరు రాయించి, ఆ వంకర టింకర అక్షరాలనే కంచాల మధ్యలో చెక్కించాడు. చెక్కించి కొట్టు నుంచే నేరుగా 'తోడు' అనే సంఘానికి పంపించాడు. పెద్దాసుపత్రి గేటుకి ఎదురుగా రేకుల షెడ్డులో, లోపల మంచాన పడినవాళ్ళ కోసం బయట పడిగాపులు పడే బంధువులకి మధ్యాహ్నం అన్నం పెట్టే సంఘం అది. మస్తానమ్మ అని, నర్సు పని చేసి మానేసినావిడ దాన్ని నడుపుతోంది. బియ్యమూ పప్పూ కూడా ధర్మనిధివే.

మాస్టారు అరుగు మీద చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు. సీతారావమ్మ కూర్చుంది, లేచింది, గడప పట్టుకుని నుంచుంది.

"ఒక్కచోట నిలవబుద్ధి కావడం లేదు మాస్టారూ. మావాడు మొన్న ఫోటోలు తీయించడానికి ఆ షెడ్డుకెళ్ళాడట. తొట్టినిండా వదిలేసిన అన్నమేనట. 'మనం పెట్టేది గేదెల కుడితిలోకి పోతోందమ్మా, అన్నం విలువ తెలియనివాళ్ళకి పెట్టడం దేనికి' అంటున్నాడు. ఈ సాయంత్రం అందరూ కూర్చుని ఆపేస్తారు. ఆపితే ఆ షెడ్డు మూతపడుతుంది. ఆపొద్దురా అందామంటే నా దగ్గర మాట లేదు. అన్నానికని వచ్చినవాళ్ళు అన్నం ఎందుకు వదిలేస్తారండీ?"

మాస్టారు ఒక కాయ ఈనె తీసి గిన్నెలో వేశాడు.

"ఇవాళ మీ భోజనం అక్కడ చెయ్యండమ్మా. కారు కాస్త దూరంగా ఆపించండి."

"అంతేనా?"

"అంతే. మంచినీళ్ళు తాగి వెళ్ళండి, ఎండగా ఉంది."

షెడ్డులో ఆవిణ్ణి ఎవరూ గుర్తుపట్టలేదు. ఫోటోలకీ దండలకీ కొడుకే వెళ్ళేవాడు, ఆవిడ అలాంటివాటికి వెళ్ళేది కాదు. నేత చీర కొంగు భుజాల నిండా కప్పుకుని వరసలో కూలబడింది. కంచం వచ్చింది, అన్నం వచ్చింది, దాని మీద వేడివేడిగా ఇంకేవో వచ్చిపడ్డాయి. పక్కన కూర్చున్న పిల్ల నిండా పాతికేళ్ళుండవు. జుట్టు దువ్వుకుని ఎన్నాళ్ళయిందో.

"ఎవరున్నారు మామ్మా లోపల?" అంది ఆ పిల్ల, అక్కడ ఊరూ పేరూ అడిగే బదులు అందరూ అడిగే మాటే అది.

"మావాళ్ళేలే. నీకో?"

"మా ఆయన. తాటిచెట్టు మీంచి పడ్డాడు. కళ్ళు తెరిచాడు గానీ ఇంకా మాట రాలేదు. నా పేరు మంగ. నన్ను చూసి 'మంగా' అంటే చాలు, ఇంటికి తీసుకుపోతా."

మంగ గబగబా తింటోంది. సగం దాటాక చెయ్యి నెమ్మదించింది. చివరికొచ్చేసరికి మిగిలిన మెతుకుల్ని వేళ్ళతో పరిచి, కంచం అడుగు కనపడకుండా కప్పేసి, లేవబోయింది. సీతారావమ్మ వరస పొడుగునా చూసింది. ఆ చివరి ముసలాయనా అంతే, ఈ పక్క తలపాగా మనిషీ అంతే. ఎవరో నేర్పినట్టు అందరూ అన్నాన్ని పల్చగా పరిచి వదిలేస్తున్నారు.

"అదేంటమ్మాయ్, ఆ కాస్తా వదిలేశావు?"

మంగ ఆవిడ వంక ఎగాదిగా చూసింది. "నీకు చదువొచ్చా మామ్మా?"

"కొత్తగా వచ్చింది."

"ఈ వయసులోనా!" అని ఫక్కున నవ్వింది మంగ. అన్నాళ్ళ తర్వాత వచ్చిన నవ్వేమో, తనే భయపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయితే అడుగు కనపడేదాకా తినకు. నాకు చదువు రాదు. వచ్చినరోజే ఎవరో చదివి చెప్పారు, చెప్పకుండా ఉన్నా బావుండేది. ఇవి చచ్చిపోయినోళ్ళ కంచాలంట. ఎవరి దినానికి పంచగా మిగిలినయ్యో ఇక్కడికి తోలారు. లోపల మావోడు ఊపిరి కోసం కొట్టుకుంటుంటే, నేను ఈ కంచం ఊడ్చి తింటే... ఏమో మామ్మా, నా చాదస్తమే అనుకో."

సీతారావమ్మ తన కంచంలో అన్నం పక్కకి జరిపింది. ముందు 'య్య' కనిపించింది. తను కాగితం మీద వత్తి వత్తి రాసిన య్యే, తోక కాస్త పైకి లేచి. ఇంకొంచెం జరిపింది. పేరంతా బయటపడింది. పేరుకి ముందు, తను రాయనివి రెండక్షరాలు కూడా ఉన్నాయి. కీ.శే. కీర్తిశేషులు అని. దండ వేసిన ఫోటోల కింద ఉంటాయే, అవే. పోయినవాళ్ళ పేరు ఇస్తే ముందు ఆ రెండూ చెక్కడం చెక్కేవాడికి అలవాటు, అడగనక్కర్లేదు. ఆవిడకి చుట్టూ అందరి ముందూ తన భర్త పేరు మీద మెతుకులు కప్పడానికి చెయ్యి రాలేదు. ఏం చెయ్యాలో తోచక కంచం అలాగే ఒళ్ళో పెట్టుకు కూర్చుంది.

అందరూ వెళ్ళాక మస్తానమ్మ దగ్గరికి వెళ్ళి, "ఈ సంగతి ఇచ్చినవాళ్ళకి చెప్పొచ్చు గదమ్మా," అంది.

"ఎలా చెప్పమంటారు పెద్దమ్మగారూ?" అంది మస్తానమ్మ తొట్టి పక్కకి లాగుతూ. "మీ నాన్నగారి పేరు మా జనం చూడలేకపోతున్నారండీ అని చెప్పనా? కంచాలతోపాటు బియ్యం బస్తాలూ వెనక్కి పోతాయి. వాళ్ళొచ్చిన రోజు నవ్వుతూ దండ వేస్తాను, వెళ్ళాక తొట్టి కడుక్కుంటాను."

"నేను ఆ ఇంటిదాన్నే," అంది సీతారావమ్మ.

మస్తానమ్మ తొట్టి వదిలేసి చేతులు కొంగుకి తుడుచుకుంది. "అయ్యో, నా నోరు పడిపోను..."

"పడిపోనక్కర్లేదులే. నాలుగు కంచాలు అరువివ్వు, రేపు పంపిస్తాను."

సాయంత్రం హాల్లో అందరూ చేరారు. ప్రభాకరం, కోడలు విమల, కూతురు భానుమతి, లెక్కలు చూసే సుబ్బారాయుడు. ప్రభాకరానికి ఆ మధ్యే గుండెకి స్టెంటు వేశారు. అప్పటినుంచీ విమల ఆయన తినే ప్రతి ముద్దా చూస్తూ కూర్చుంటుంది. సీతారావమ్మ వంటమనిషిని లేవనివ్వకుండా తనే ఉప్మా వడ్డించుకొచ్చి నలుగురికీ ఇచ్చింది. తను మాత్రం కూర్చోలేక స్తంభం దగ్గరా కిటికీ దగ్గరా తచ్చాడుతోంది.

"దానం చేసినా చోటు చూసి చెయ్యాలి," అంటున్నాడు ప్రభాకరం ఉప్మా తింటూ. "ఆసుపత్రి రోడ్డున బెంచీలు వేయిద్దాం. బెంచీని ఎవడూ తొట్టిలో పారెయ్యలేడు గదా."

సుబ్బారాయుడు నవ్వాడు. "బెంచీ మీద పేరు కూడా దూరం నుంచి కనబడుతుంది బాబూ."

ప్రభాకరం దానికి బదులు చెప్పకముందే విమల కేకలాంటిది వేసి ఆయన చేతిలో కంచం లాగేసుకుంది. "అత్తయ్యా! మీకేమైనా మతుందా? ఈయనకి ఈ కంచంలో పెడతారా? నిన్నగాక మొన్న ఆపరేషన్ థియేటర్లోంచి వచ్చిన మనిషికి!"

ఉప్మా కింద నుంచి ఆ రెండక్షరాలూ పైకి చూస్తున్నాయి. భానుమతి తన కంచం చప్పుడు కాకుండా కింద పెట్టింది. అందులో ఉప్మా ఇంకా సగం ఉంది.

"ఆ షెడ్డులో తినేవాళ్ళ మనుషులు ఇంకా థియేటర్లోంచి బయటికి రాలేదు విమలా," అంది సీతారావమ్మ. "నీకున్నట్టే వాళ్ళకీ ఉంటుంది గదా."

ప్రభాకరం ఆ కంచం తీసుకుని వేలితో అక్షరాలు తడిమాడు. అమ్మ రాత, నాన్న పేరు. "పోనీ ఈ రెండక్షరాలూ అరగదీయిద్దాం," అన్నాడు చివరికి, చిన్నపిల్లాడిలా. "నాన్న పేరుంటుంది."

"అరగదీసిన మచ్చని కూడా చదువుతార్రా. చదువు రానివాళ్ళకి కూడా తెలిసిపోయింది. అన్నం పంపించండి, ఎప్పటిలాగే పంపించండి. కంచాలు వేరేవి. వాటిమీద ఏమీ వద్దు."

"ఏమీ లేకపోతే ఎవరు పెట్టారో వాళ్ళకెలా తెలుస్తుంది పిన్నిగారూ?" అన్నాడు సుబ్బారాయుడు, నిజంగానే తెలియక.

సీతారావమ్మ నాలుగు కంచాలూ ఏరుకుని లోపలికి పోయింది. అయినా ఆవిడ అన్నట్టే జరిగింది. పాత కంచాలన్నీ ఇంటికి తెప్పించడానికి మనిషిని పంపారు. రాత్రికి రాత్రే కొత్తవి నున్నగా, అద్దంలా, ఒక్క గీత కూడా లేకుండా షెడ్డుకి వెళ్ళాయి.

మర్నాడు పొద్దున ఆవిడ మళ్ళీ మాస్టారి అరుగు ముందుంది. జరిగింది జరిగినట్టు చెప్పింది. కానీ చెబుతూ చెబుతూ కొంగు చివర మెలిపెడుతోంది, విప్పుతోంది.

"మంచిపనే చేశాననిపిస్తోంది. షెడ్డు నిలబడింది. మరి ఇంకా లోపల ఇది కదులుతూనే ఉందేంటి మాస్టారూ? నోటితో ఎన్నడూ అనలేదు. చేత్తో రాశాను. రాసిన దాన్ని నా నోటితోనే తీయించాను. ఇంక ఆయన ఎక్కడున్నట్టు? పేరు లేని ఆ అన్నం ఎవరు పెట్టినట్టు?"

మాస్టారు మంచినీళ్ళ చెంబు ఆవిడ ముందు పెట్టాడు.

"నిన్న అక్కడ కూరేం వండారమ్మా?"

సీతారావమ్మ చెప్పబోయింది. రేకుల వేడి గుర్తొచ్చింది. మంగ నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి గుర్తొచ్చింది. 'య్య' తోక గుర్తొచ్చింది. కంచంలో వేసిందేమిటో, పప్పో పులుసో, అందులో ఉప్పు సరిపోయిందో లేదో, ఎంత వెతికినా దొరకలేదు. ఒక్క ముద్దయినా నోట్లో పెట్టుకుందో లేదో కూడా గట్టిగా చెప్పలేకపోయింది.

"చూళ్ళేదండీ," అంది మెల్లిగా.

మాస్టారు తలూపాడు.

"అయితే ఇవాళ మళ్ళీ వెళ్ళండి. ఈసారి ఆకలితో వెళ్ళండమ్మా."