కొంగ దాచుకున్న కాలు

ఒకప్పుడు కొంగలన్నీ రెండు కాళ్ల మీదే నిలబడేవి. నిలబడేవి అనడం కూడా పెద్ద మాటే. నీటిలో ఏ చిన్న మెరుపు కనిపించినా పరుగెత్తేవి.

ఆ వేసవిలో ఏటి మడుగు బాగా ఇంకిపోయింది. గట్టుమీది తుమ్మచెట్టులో ధవళి అనే కొంగకు గూడు, గూటిలో రెండు పిల్లలు. రెండు రోజులుగా వాటికి సరైన తిండి లేదు. చిన్నది మెడ ఎత్తడం కూడా మానేసింది.

మడుగులో చేపలు లేక కాదు. చేపపిల్ల కనబడగానే ధవళి దూకేది. బురద లేచేది. పెద్ద చేపలన్నీ అడుగుకు పోయి దాక్కునేవి.

"ఏం వదినా, ఇవాళ కూడా పిల్లలకు బురదేనా?" అని కొమ్మ మీంచి లకుముకిపిట్ట వెక్కిరించింది.

"ఇవాళ కదిలితే ఒట్టు!" అంది ధవళి.

ఒట్టు వేసిన నోరు మూయకముందే నీటిలో ఏదో తళుక్కుమంది. అంతే, పరుగు! చేపపిల్ల కూడా దక్కలేదు. ఈసారి కళ్లు మూసుకుంది. మూసిన కళ్లలో ఇంకా ఎక్కువ చేపలు ఈదాయి.

ధవళి సిగ్గుతో ఆలోచనలో పడింది. "మనసు వద్దంటూనే ఉంది. మరి ముందుగా కదిలేది ఎవరు?" ఒడ్డున తడిమట్టిలో తన అడుగుల గుర్తులు చూసింది. ప్రతి పరుగులోనూ మొదటి అడుగు ఎడమకాలిదే.

"ఓహో, నువ్వా!" అంటూ నీటిలోకి దిగి, ఆ కాలిని ఎత్తి పొట్ట కింది ఈకల్లో దాచింది.

"అయ్యో, కాలు విరిగిందా వదినా?"

"లేదమ్మా, దాన్ని పడుకోబెట్టాను."

ఒక చేపపిల్ల వచ్చింది. ఆశ గొంతుదాకా లేచింది. ఒంటికాలితో ఎలా పరుగెత్తడం? ఆశ అలలా వచ్చి, కాసేపు ఊపి, వెళ్లిపోయింది. ఆశ కూడా వెళ్లిపోతుందని ధవళికి అంతవరకు తెలియదు. ఎప్పుడూ దాని వెంటే పరుగెత్తేది మరి! ఇంకో చేపపిల్ల వచ్చింది. ఈసారి అల కొంచెం చిన్నది.

నీరు తేటపడింది. నిలబడిన కాలు చేపలకు తుంగకాడలా కనిపించింది. మిట్టమధ్యాహ్నం ఒక పెద్ద కొర్రమీను చల్లగా ఆ కాలి నీడలోకి వచ్చింది. ధవళి మెడ ఒక్కసారే కదిలింది.

గూటిలో చిన్నది మెడ ఎత్తింది.

"వదినా, ఆ కాలు ఎలా ముడుస్తావో నాకూ చూపించవూ?" అంది లకుముకిపిట్ట. ఈసారి దాని గొంతులో వెక్కిరింపు లేదు.

అప్పటినుంచే కొంగ నీటిలో ఒంటికాలి మీద నిలబడుతోంది. దొంగజపమని నవ్వేవాళ్లు నవ్వుతారు. ఈకల్లో దాచిన ఆ రెండో కాలికి నేటికీ పరుగెత్తాలనే ఉంటుందని వాళ్లకు తెలియదు.